మదార్‌బీ పలక మీది గీతలు

తడిసిన పలకరాయికి ఒక వాసన ఉంటుంది. మట్టి వాసన కాదు, ఇనుము వాసనా కాదు, రెండింటికీ మధ్యది. మార్కాపురం మనుషులకు దాన్ని గురించి చెప్పనక్కరలేదు. గనుల్లోంచి తీసి పారేసిన రాతి పెళ్లలు ఊరి చుట్టూ గుట్టలుగా పడి ఉంటాయి. వాటి మీద నాలుగు చినుకులు పడితే చాలు, గాలి ఆ వాసనను వీధుల్లోకి మోసుకొస్తుంది. మొన్న మధ్యాహ్నం ఆసుపత్రిలో నా మనవరాలు మౌనిక మంచం పక్కన కూర్చుని ఉన్నాను. జల్లు పడి వెలిసింది. కిటికీ రెక్క తీసేసరికి ఆ వాసన ఫినాయిలును పక్కకు నెట్టి లోపలికి వచ్చింది.

మౌనికకు కాన్పు అయి అది రెండో రోజు. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆమె భర్త హరి మంచివాడు, మెత్తని మనిషి. బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు ఒంటికి పోసింది రాసి ఉంచమని నర్సమ్మ అతనికి ఒక పని అప్పజెప్పింది. దానికోసమే ఒక యాప్ ఉందట, అందులో ఎక్కిస్తున్నాడు. ముచ్చటపడి నాకు కూడా చూపించాడు. పొద్దుటి నుంచి ఐదుసార్లు పాలు, మూడుసార్లు తడి, గంటలూ నిమిషాలతో సహా ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ పది నుంచి పన్నెండు దాకా అతను కింద టీ కొట్టు దగ్గర స్నేహితులతో నిలబడి ఉండటం ఇదే కిటికీలోంచి నేను చూశాను. ఆ రెండు గంటల్లోనూ రెండుసార్లు పాలు, ఒక తడి ఎక్కి ఉన్నాయి.

"నాయనా, ఈ గీతలు బిడ్డవా, నీవా?" అన్నాను.

"గీతలేంది తాతా? ఇది యాప్ గదా," అన్నాడు హరి.

"అయిపోయింది. తాత మొదలుపెట్టినాడు," అంది మౌనిక మంచం మీది నుంచి, కుట్లు నొస్తాయని నవ్వు ఆపుకుంటూ.

మా ఇంట్లో నా కోపం అందరికీ ఒక వేడుక. అంగన్‌వాడీ రిజిస్టరులో రాని పిల్లలకు హాజరు వేశారని అడిగినా, రేషన్ కార్డులో చనిపోయినవాడు బతికి ఉన్నాడని అర్జీ పెట్టినా, పెద్దాయన మొదలుపెట్టినాడంటారు. అననీ. బడి గడప తొక్కనివాణ్ణి, అక్షరాలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి, కాబట్టి రాసిన ప్రతి మాటా నాకు ఇప్పటికీ కొత్తగానే కనిపిస్తుంది, అబద్ధమైతే కంట్లో నలకలా పడుతుంది. కానీ హరిని నేను అడిగిన ఆ మాట నాది కాదు. అది మదార్‌బీ అనే ఆసుపత్రి ఆయమ్మది. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మాది కొనకనమిట్ల దగ్గర ఒక మెట్ట పల్లె. గొర్రెలు మా బతుకు. నాకూ అంకమ్మకూ మొదట పుట్టినవాడు మగపిల్లవాడు, ఇంట్లోనే పుట్టాడు, నాలుగో రోజు పోయాడు. వాడు అసలు ఏడవలేదు. చూడటానికి వచ్చిన వాళ్లందరూ, ఎంత మంచి బిడ్డ, నోరు తెరవడు, బంగారం అన్నారు. నాలుగో రోజు పొద్దున లేపితే లేవలేదు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. మా పల్లెల్లో అప్పట్లో అడిగేవాళ్లు కాదు. దేవుడు ఇచ్చినాడు, దేవుడే తీసుకున్నాడు, అంతటితో సరి.

రెండో కాన్పుకు రెండు రోజులు నొప్పులు పడినా బిడ్డ బయటికి రాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. అంకమ్మను బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి మార్కాపురం తెచ్చాం, నేనూ మా అమ్మా. ఒక డాక్టరమ్మ నడుపుతున్న చిన్న కాన్పుల ఆసుపత్రి అది. ఇప్పుడు లేదు, ఆ చోట ఫోన్లు అమ్మే దుకాణం ఉంది. డాక్టరమ్మ కోసి ఆడపిల్లను తీసింది. ఆ పిల్లే మౌనికకు తల్లి.

మదార్‌బీని నేను మొదట చూసింది ఆ బిడ్డను చేతుల్లో పెట్టుకుని తలుపు తోసుకుని మేమున్న వరండాలోకి వస్తుండగా. పొడవాటి మనిషి, ఎముకల గూడు. ఆకుపచ్చ గాజులు, దవడలో ఎప్పుడూ ఒక వక్క. గొంతు చాలా చిన్నది. తిట్టాలనుకున్నప్పుడు ఇంకా చిన్నది చేసేది. ఏమంటోందో అని మనమే ముందుకు వంగాలి, వంగి మరీ తిట్లు తినాలి.

మా అమ్మ అప్పటికే గిన్నెలో చక్కెరనీళ్లు కలిపి, గుడ్డ వత్తి చేసి సిద్ధంగా ఉంది.

"ఏందత్తా ఆ గిన్నెలో?" అంది మదార్‌బీ.

"చక్కెరనీళ్లు బూబమ్మా. మూడు దినాలు ఇవే. ముర్రుపాలు మా ఇంట్లో తాపరు, పిండి గోడకు కొడతాం."

మదార్‌బీ ఆమెతో వాదించలేదు. నా వైపు తిరిగింది. "ఏం పని చేస్తావు తమ్ముడూ?"

"గొర్రెలు."

"ఈనిన గొర్రె ముర్రుపాలు పిండి గోడకు కొడతావా?"

నాకు నవ్వొచ్చింది. పట్నం మనిషికి గొర్రెల సంగతి ఏం తెలుసు అనుకున్నాను. "కొడితే పిల్ల నిలబడదు ఆయమ్మా. గంట లోపల పట్టియ్యాల. పట్టియ్యకుంటే రెండు మూడు దినాల్లో వాడిపోయి చచ్చిపోతది," అన్నాను. ఈ విద్యలో నాకు మించినవాడు లేడన్నట్టు చెప్పాను. చెప్పడం అయ్యాక నా మాట నాకే వినిపించింది. వినిపించాక ఆ వరండాలో నేను ఎక్కడ నిలబడ్డానో నాకు తెలియలేదు.

"గొర్రె గొర్రే, మనిషి మనిషే," అంది మా అమ్మ.

"అవునత్తా, గొర్రెకే తెలివి జాస్తి," అంటూ మదార్‌బీ బిడ్డను తీసుకుపోయి అంకమ్మ పక్కన పడుకోబెట్టి, రొమ్ము పట్టించింది.

నేను ఆమె వెనకాలే పోయాను. "ఆయమ్మా, పోయినేడు మాకొక పిల్లోడు పుట్టి నాలుగో దినం పోయినాడు. వానికి మూడు దినాలూ చక్కెరనీళ్లే పోసినాం. అందుకేనా?" అని అడిగాను. ఆమె నా ముఖం చూసింది. అవుననలేదు, కాదనలేదు. "నీ పెండ్లాం నాలుక చూడు, ఎట్ల పిడచగట్టిందో. డాక్టరమ్మ నీళ్లు తాపొచ్చని చెప్పింది, పోయి పట్టుకరా," అంది. బాలింతకు నీళ్లు ఇవ్వకూడదని మా అమ్మ చెంబును మంచం కిందికి నెట్టేసింది. దాన్ని వంగి తీసింది నేనే. మా అమ్మ మాటకు ఎదురుగా నేను చేసిన మొదటి పని అది. అంకమ్మ ఒక్కో గుక్కా తాగుతూ నా వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మదార్‌బీ ఒక పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. చట్రం ఊడిపోయి, ఒక మూల పగిలినది. ఊళ్లో పలకల కార్ఖానాల దగ్గర అట్లాంటివి ఎవరూ ఏరుకోనన్ని పడి ఉండేవి. ఆమె వాటిని ఏరుకొచ్చి, కడిగి, ప్రతి మంచానికీ ఒకటి పెట్టేది. నర్సమ్మలు ఇంగ్లీషులో కాగితాలు రాసుకునేవాళ్లు. ఇది ఆమె కాగితం. "బిడ్డ తాగినప్పుడల్లా పైన ఒక గీత. తడిపినప్పుడల్లా కింద ఒక సున్నా. ఎన్నో నాడైతే కనీసం అన్ని సున్నాలు ఉండాల. ఒకటో నాడు ఒకటి, రెండో నాడు రెండు, ఆరో నాటికి ఆరు. తక్కువైతే నన్ను పిలువు," అంది.

"నాకు చదువు రాదు ఆయమ్మా."

"నాకు మాత్రం వస్తే గీతలెందుకు పెడతా?"

తర్వాత కింద కూర్చుని, వక్క ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని, రాబోయే రోజుల్లో ఏమేమి జరుగుతుందో చెప్పింది. అంతవరకు నాకు ఎవరూ చెప్పని సంగతులు అవి. ఇప్పటికీ కాన్పుకు ముందు ఎంతమంది మగవాళ్లకు చెబుతున్నారో నాకు తెలియదు. మిఠాయి పంచడం మాత్రం అందరికీ చెప్పకుండానే వస్తుంది.

"విను. తర్వాత దడుసుకుని నా మీదికి రావద్దు. అంకమ్మకు నెత్తురు పోతది, మొదట చానా పోతది, దినదినానికి తగ్గుతది. గంటకో గుడ్డ నిండిపోతాంటే మాత్రం పరిగెత్తుకుని రా. బిడ్డకు మొదట దొడ్డికి కాటుక మాదిరి నల్లగా అయితది, అది మంచిదే. కొంచెం బరువు తగ్గుతది, మళ్లీ ఎక్కుతది. కండ్లు పచ్చబడితే చెప్పు, మీరే ఎండకు పెట్టుకుని కూర్చోవద్దు. మూడో నాడో నాలుగో నాడో పాలు దిగుతాయి, రొమ్ములు రాళ్లయితాయి. ఆ దినం మీ అంకమ్మ ఏడుస్తది. ఎందుకేడుస్తావని అడగొద్దు, ఆమెకూ తెలీదు."

"మరి నేనేం చెయ్యాల?"

"పక్కన కూర్చో. నీకు ఇక్కడ ఇంకేం పని ఉంది, మేపేదానికి గొర్రెలు కూడా లేవు గదా."

నిజానికి గొర్రెలే నా ప్రాణం తోడేస్తున్నాయి. ఈనే కాలం. తమ్ముడికి వదిలేసి వచ్చాను. మూడో రోజు పొద్దున, మా ఊరివాడు ఎవరైనా కనబడితే కబురు చెబుదామని బస్టాండుకు పోయాను. కనబడ్డాడు. కబురుతో ఆగితే నేను నేనెందుకవుతాను? ఏ గొర్రె ఈనింది, ఏది ఈనబోతోంది, మేత ఎట్లుంది అని మాట మీద మాట, టీ మీద టీ. తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. అంకమ్మ మగతగా పడుకుంది. బిడ్డ నిద్రపోతోంది. మా అమ్మ విసనకర్రతో విసురుతూ సంతోషంగా ఉంది. పలక మాత్రం శుభ్రంగా ఉంది. గీత లేదు, సున్నా లేదు.

తుడిచింది మా అమ్మే. బిడ్డ తాగింది ఎవరన్నా లెక్కపెడతారా, దిష్టి తగలదూ అని. గొర్రెపిల్లలు పుట్టిన వారం దాకా వాటిని పైకి లెక్కపెట్టని ఇల్లు మాది. ఆమె భయం నాకు అర్థమైంది. అంతకంటే ఎక్కువగా మదార్‌బీ వస్తే ఏమంటుందోననే నా భయం నాకు అర్థమైంది. బలపం తీసుకున్నాను. పొద్దుటినుంచి ఇంతసేపటికి ఎన్నిసార్లు తాగి ఉంటుంది? ఏడు గీతలు పెట్టాను. మూడో నాడు కాబట్టి మూడు సున్నాలు. కింద చక్కగా, వరుసగా, గుండ్రంగా పెట్టాను.

మదార్‌బీ వచ్చింది. పలక చూసింది. గోడవారన పెట్టిన బకెట్‌లోకి చూసింది. తడి గుడ్డలు అందులోనే వెయ్యాలి, ఉతికేది ఆమే. ఒక్కటే ఉంది. దాన్ని విప్పి వెలుతురులోకి పట్టింది. మధ్యలో ఇటుకపొడి రంగు మరక, చారెడు కూడా లేదు. బిడ్డ పెదవి మీద వేలు పెట్టి చూసింది. అరికాలు గీరింది. బిడ్డ కదిలి, మళ్లీ పడుకుంది. ఏడవలేదు.

"బంగారు తల్లి. పొద్దుటినుంచి నోరు తెరవలేదు," అంది మా అమ్మ.

ఆ మాట నేను అంతకు ముందు విన్నాను.

మదార్‌బీ పలక నా ముందు పెట్టింది. గొంతు ఎంత చిన్నది చేసిందంటే, వినడానికి నేను మోకాళ్ల మీద వంగాల్సి వచ్చింది. "ఈ గీతలు బిడ్డవా, నీవా?"

నేను తల ఎత్తలేదు. "నావే," అన్నాను.

"గీత లేకుంటే నేను వెంటనే బిడ్డను చూసుకుంటా. ఖాళీ పలకకు నేను భయపడతా, పరిగెత్తుకొస్తా. నీ గీతలు చూసి నిమ్మళంగా పోయి వరండా కడుక్కుంటా. నిండిన పలక పెట్టి బిడ్డను చంపుకుంటారా తమ్ముడూ?"

అంతే. డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. తూకం వేస్తే బిడ్డ తగ్గాల్సిన దానికంటే బాగా తగ్గింది. అడిగితే అప్పుడు చెప్పింది మా అమ్మ, ఆయమ్మ కన్నుగప్పి వత్తితో చక్కెరనీళ్లు పోస్తూనే ఉన్నానని. కడుపు నిండి పడుకుందనుకున్నానని. ఆమెను నేను ఏమీ అనలేకపోయాను. దొంగ గీతలు పెట్టిన చెయ్యి నాది. డాక్టరమ్మ చెప్పినట్టు మదార్‌బీ అంకమ్మ పాలు పిండించి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కా బిడ్డ నోట్లో పోయించింది. మధ్యమధ్య అరికాలు గీరి లేపి రొమ్ముకు పట్టించడం, మళ్లీ గిన్నె. బిడ్డను లేపే పని నాకు ఇచ్చింది. అంకమ్మ ఏడుస్తూనే పాలు పిండింది. నేను ఎందుకని అడగలేదు. పక్కన కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా నా ఒడి తడిసింది. వెచ్చగా, పంచెలోంచి తొడ మీదికి దిగింది. బతుకులో నన్ను తడిపిన వానలు చాలా ఉన్నాయి, దాన్ని మించింది లేదు. పలక తుడిచి, కింద ఒక సున్నా పెట్టాను. గట్టిగా నొక్కేసరికి బలపం విరిగింది. మా అమ్మ పక్కకు వచ్చి పలకలోకి తొంగి చూసింది. "అది చిన్నగుంది. ఇంకొంచెం పెద్దది పెట్టు," అంది.

మదార్‌బీ పళ్లన్నీ కనబడేట్టు నవ్వింది. వక్క ఎరుపు ఆ రోజే చూశాను.

ఆ తర్వాత మేము అక్కడ ఉన్నన్ని రోజులూ పలక నా చేతిలోనే ఉంది. సున్నా రాకపోతే రాలేదని ఖాళీగా వదిలేసేవాణ్ణి. ఖాళీ చూసి ఆమె వచ్చేది. ఒక రోజు వార్డు తలుపు మీద వేలాడుతున్న రేకు బోర్డు చూపించి, అందులో ఏముంది ఆయమ్మా అని అడిగాను. "తెలీదు. నేను చేరినప్పటినుంచి దాని కిందనే ఊడుస్తున్నా. దేవుని మాటేమోనని దుమ్ము మాత్రం తుడుస్తా. నువ్వు నేర్చుకుని వచ్చి చెప్పు," అంది. నవ్వులాటకు అన్నదో నిజానికే అన్నదో నాకు తెలియదు. నేను మాత్రం నిజమనే అనుకున్నాను. గొర్రెల వెంట తిరుగుతూ బస్సుల బోర్డులు, దుకాణాల బోర్డులు, పొట్లాలు కట్టిన పాత కాగితాలు పట్టుకుని, అడిగినవాళ్లనల్లా అడిగి, నవ్వినవాళ్లతో నవ్వించుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. రెండేళ్ల తర్వాత అంకమ్మను ఇంకో కాన్పుకు తెచ్చినప్పుడు, ఆ తలుపు కింద నిలబడి ఒక్కో అక్షరం కూడబలికి మదార్‌బీకి చదివి వినిపించాను. లోపలికి మగవారికి ప్రవేశం లేదు అని ఉంది.

ఆమె చీపురు కింద పడేసి నవ్వింది. "అందుకేనేమో నర్సమ్మలు నన్ను ఊరికే కొరకొర చూసేవాళ్లు. చదువు రాక మంచి పనే చేసినానే," అంది. తర్వాత చీపురు తీసుకుని, "చదివినావు గదా, ఇంక బయటికి పోతావా?" అంది. పోలేదు. ఆ కాన్పుకూ పలక నేనే పట్టాను.

ఆమె ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒకసారి మార్కాపురం వచ్చి చూస్తే ఆసుపత్రికి తాళం ఉంది. అడిగితే కూతురి దగ్గరికి దర్శి పోయిందని ఒకరు, కురిచేడు అని ఒకరు చెప్పారు. రెండు ఊళ్లలోనూ వెతికాను. ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. ఎన్ని వందల బిడ్డల గీతలో ఆ పలకల మీద పెట్టించి, నీళ్లతో తుడిచేసింది. ఏదీ దాచుకోలేదు.

మొన్న హరికి ఇదంతా చెప్పాను. అతను ఫోన్ తీసి, తను టీ కొట్టు దగ్గర ఉన్నప్పటి రెండు పాలూ ఒక తడీ తీసేశాడు.

"ఇప్పుడు ఇక్కడ ఏం రాయాల తాతా?"

"తెలీదని రాయి."

"తెలీదని రాసే చోటు ఇందులో లేదు తాతా."

"అయితే ఖాళీగా పెట్టు. ఖాళీ చూస్తే ఎవరో ఒకరు వస్తారు."

నర్సమ్మ వచ్చి చూసి, ఈ రెండు గంటలు ఏమైందని అడిగింది. చూసుకోలేదని హరి తల దించుకుని చెప్పాడు. ఆమె బిడ్డను లేపి, ఎట్లా పట్టుకోవాలో మౌనికకు ఇంకోసారి చూపించింది. బిడ్డ బాగానే ఉంది, తాగింది. హరి మళ్లీ కిందికి దిగలేదు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మేము మొదటిసారి ఇంటికి బయలుదేరిన రోజు మదార్‌బీ నాతో ఒక గొప్ప మాట అన్నట్టు నిన్న ఇక్కడ రాశాను. బిడ్డను చదివించమని, నువ్వూ చదువుకోమని, ఇంకా ఏవో. రాసేటప్పుడు నాకే కళ్లు చెమ్మగిల్లాయి. పొద్దున మళ్లీ చదివితే అది ఆమె గీత కాదు, నాది. కొట్టేశాను. ఆ రోజు జరిగింది ఇంతే. నేను ఆ పగిలిన పలకను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే ఆమె చూసింది. దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"అది ఇటియ్యి తమ్ముడూ. అవతల గదిలో ఇంకో బిడ్డ పుట్టింది."